గ్రీసు యాత్ర – రాతి మీది దస్త్రాలు

గ్రీసు దేశం అనగానే మనలో చాలామందికి సోక్రటీసు, ప్లేటో, అలెగ్జాండరు గుర్తుకు వస్తారు. క్రైస్తవ సోదరులకైతే పౌలు గారు, ఆయన ఫిలిప్పీయులకు, థెస్సలొనీకయులకు, కొరింథీయులకు రాసిన పత్రికలు గుర్తుకు వస్తాయి. ఈ రెండు చరిత్రలూ నడిచింది ఒకే నేల మీద, చాలా చోట్ల ఒకే వీధిలో. 2018 అక్టోబరులో 26 మంది బృందంతో కలిసి 11 రోజులపాటు ఆ ప్రదేశాలను చూసే భాగ్యం నాకు, నా శ్రీమతికి కలిగింది. బృందంలో ఎక్కువమంది క్రైస్తవులు, భక్తితో వచ్చినవారు. మేమిద్దరం చరిత్ర మీది ఆసక్తితో వెళ్లినవాళ్లం. ఎవరి భక్తి వారిది, ఎవరి ఆసక్తి వారిది. బస్సులో మాత్రం చపాతీలూ ఆవకాయా అందరివీ కలిసిపోయాయి.

ఆ యాత్రా విశేషాలు ప్రత్యేక సంచికకు రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. ఏ హోటల్లో దిగాము, ఎక్కడ ఏమి కొన్నాము అని రాస్తే పాఠక మిత్రులకు ఉపయోగం ఉండదు. నేను 1971లో తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, 2008లో పదవీ విరమణ చేసేదాకా 37 ఏళ్లు దస్త్రాల మధ్యనే గడిపినవాణ్ణి. అందులో పదేళ్లకు పైగా రికార్డు రూములోనే పని. కాబట్టి అందరూ స్తంభాలనూ శిల్పాలనూ చూస్తుంటే నా కళ్లు రాళ్ల మీది అక్షరాల వైపు పోయేవి. చదవడానికి గ్రీకు రాదు. గైడు చెప్పింది రాసుకుని, ఇంటికి వచ్చాక పుస్తకాలతో సరిచూసుకున్నాను. అప్పుడు అర్థమైన విషయం ఒక్కటే ఇక్కడ మనవి చేస్తాను. రెండు వేల ఏళ్ల నాటి ఆ చరిత్రకు మనకు దొరికిన ఆధారాల్లో చాలా భాగం కవులో రాజులో కావాలని రాసినది కాదు. ఆఫీసు పనిలో భాగంగా పేరులేని గుమాస్తాలు రాసి పెట్టినది.

ఫిలిప్పీ

అలెగ్జాండరు తండ్రి ఫిలిప్పు రాజు క్రీ.పూ. 356లో స్వాధీనం చేసుకుని తన పేరు పెట్టుకున్న పట్టణం ఇది. జూలియస్ సీజరును చంపిన బ్రూటస్, కాసియస్‌లు క్రీ.పూ. 42లో ఓడిపోయింది ఈ ఊరి పక్క మైదానంలోనే. ఆ యుద్ధం తరువాత మాజీ సైనికులకు ఇక్కడ భూములిచ్చి రోమన్ కాలనీగా మార్చారు. ఆడ్రియాటిక్ సముద్రం నుంచి తూర్పుగా పోయే ఎగ్నాతియా రహదారి ఊరి మధ్యగా పోతుంది. పరిచిన రాళ్ల మీద బండి చక్రాల గాడి ఇప్పటికీ కనిపిస్తుంది.

పౌలు, సీల అనే ఇద్దరు ఇక్కడికి వచ్చింది సుమారు క్రీ.శ. 49–50లో. ఐరోపా ఖండంలో క్రైస్తవ సంఘం ఏర్పడిన తొలి ఊళ్లలో ఇది ఒకటి. వారిద్దరినీ విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి చెరసాలలో వేసిన కథ అపొస్తలుల కార్యములు అనే గ్రంథంలో ఉంది. మర్నాడు అధికారులు, వీళ్లను వదిలెయ్యమని భటులతో కబురు పంపారు. పౌలు ఒప్పుకోలేదు. తాము రోమన్ పౌరులమనీ, బహిరంగంగా కొట్టి రహస్యంగా పంపడం కుదరదనీ, కొట్టించినవారే స్వయంగా వచ్చి బయటికి తీసుకుపోవాలనీ పట్టుబట్టాడు. వాళ్లు భయపడి వచ్చారు. రోమన్ పౌరుణ్ణి విచారణ లేకుండా కొట్టడం ఆనాటి చట్టప్రకారం నేరం. మన రాజ్యాంగంలోని 311వ అధికరణాన్ని, సీసీఏ రూల్సును బట్టీ పట్టిన మనకు ఈ ఘట్టం వేరే వివరించనక్కరలేదు.

అక్కడ పౌలు చెరసాల అని ఒక చిన్న రాతి గది చూపిస్తారు. మా వాళ్లు చాలామంది కన్నీళ్లు పెట్టుకున్నారు. అది మొదట నీళ్లు నిలవచేసుకునే తొట్టి అని పురావస్తు శాఖవారు చెబుతారు. తరువాతి కాలంలో భక్తులు దానిని చెరసాలగా కొలిచారు. భక్తికి రుజువులు అక్కర్లేదు గనుక నేను మాట్లాడలేదు. అయితే కొద్ది దూరంలో అష్టభుజి ఆకారంలో ఉన్న చర్చి కింద ఒక రంగురాళ్ల నేల బయటపడింది. పౌలు పేరిట ఉన్న ఆ మందిరానికి పోర్ఫిరియోస్ అనే బిషప్పు నేల వేయించాడని దానిమీద రాసి ఉంది. ఆ బిషప్పు 4వ శతాబ్దం తొలి సగంవాడు. అంటే అప్పటికే ఇక్కడ పౌలు పేరిట గుడి ఉందన్నమాట. తొట్టి గురించి చెప్పేది ఆనవాయితీ, నేల మీద ఉన్నది రికార్డు. ఈ రెండింటికీ తేడా తెలియడమే మన ఉద్యోగం మనకు నేర్పిన విద్య.

థెస్సలొనీక

ఇది క్రీ.పూ. 315లో కసాండర్ అనే రాజు కట్టించి తన భార్య పేరు పెట్టిన నగరం. ఆమె అలెగ్జాండరుకు సవతి చెల్లెలు. ఇప్పుడు గ్రీసులో రెండో పెద్ద నగరం. పాత ఊరి మీదనే కొత్త ఊరు లేచింది గనుక చూడవలసినవి అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కుని ఉంటాయి.

ఇక్కడి సంగతి ఒక హోదాకు సంబంధించినది. అపొస్తలుల కార్యములలో ఈ ఊరి అధికారులను ‘పొలిటార్క్’లు అన్నారు. ఆ మాట ప్రాచీన గ్రీకు గ్రంథాల్లో మరెక్కడా కనబడలేదు. అందువల్ల, రాసినవాడికి అధికారుల హోదాలు సరిగా తెలియవేమోనని 19వ శతాబ్దంలో కొందరు పండితులు సందేహించారు. ఆ శతాబ్దంలోనే, ఈ నగరంలో వర్దార్ గేటు అనే పాత రోమన్ ద్వారాన్ని పడగొట్టినప్పుడు దాని మీది శాసనం ఒకటి భద్రపరచారు. అందులో వరసగా ఊరి అధికారుల పేర్లు, వాటి పైన ‘పొలిటార్కులుగా ఉండగా’ అనే మాట ఉన్నాయి. ఆ రాయి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ తరువాత మాసిడోనియా ప్రాంతంలో అదే హోదా ఉన్న శాసనాలు పదుల సంఖ్యలో దొరికాయి.

ఆ ద్వారం ఎవరి హయాములో కట్టారో తెలియడానికి ఎవరో రాయించిన మామూలు వివరం అది. ఒక గ్రంథకర్త నిజాయితీకి సాక్ష్యం చెప్పాలని దానిని ఎవరూ చెక్కలేదు. అయినా సాక్ష్యం చెప్పింది. తహసీల్దారును డిప్యూటీ తహసీల్దారని రాస్తే కాగితం వెనక్కి వచ్చే కాలంలో పనిచేసిన మనకు హోదా విలువ తెలుసు.

డెల్ఫీ

థెస్సలొనీక నుంచి దక్షిణంగా ఒక పగలంతా బస్సు ప్రయాణం చేసి డెల్ఫీ చేరాము. పర్నాసస్ కొండ వాలులో అపోలో దేవుడి క్షేత్రం అది. రాజులు యుద్ధానికి వెళ్లేముందు ఇక్కడి పూజారిణి నోట దైవవాక్కు వినడానికి వచ్చేవారు. ఫ్రెంచివారు 1892లో తవ్వకాలు మొదలుపెట్టారు. క్షేత్రం మీద కట్టుకున్న ఊరిని ఊరంతా పక్కకు తరలించి మరీ తవ్వారు.

గుడి గద్దె కింద క్రీ.పూ. 6వ శతాబ్దంలో కట్టిన ఒక పొడవాటి గోడ ఉంది. రాళ్లు పలకలు పలకలుగా, వంకరటింకరగా ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ రాళ్లనిండా చీమల బారుల్లా సన్నటి అక్షరాలు. దైవ స్తోత్రాలేమో అనుకున్నాను. కాదు. బానిసలను విడుదల చేసిన పత్రాలు! ఆ ఒక్క గోడ మీదే 800కు పైగా శాసనాలున్నాయి, వాటిలో చాలా భాగం ఇవే. యజమాని తన బానిసను అపోలో దేవుడికి అమ్మినట్టు రాస్తారు. డబ్బు సాధారణంగా బానిస కూడబెట్టుకున్నదే. దేవుడి సొత్తయినవాణ్ణి మనిషి మళ్లీ స్వాధీనం చేసుకోకూడదు గనుక వాడు స్వతంత్రుడు. పత్రంలో ఆ ఏటి అధికారి పేరు, నెల, అమ్మినవారి పేరు, బానిస పేరు, ధర, పూచీదారు, సాక్షులు – ఒక్కటీ తప్పదు. మన రిజిస్ట్రేషన్ దస్తావేజు నమూనాకు ఏమీ తీసిపోదు. కొన్నింటిలో కఠినమైన షరతు కూడా ఉంటుంది: యజమాని చనిపోయేదాకా ఆ మనిషి అక్కడే ఉండి చాకిరీ చెయ్యాలి.

ఆ గోడ దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. రేపు యజమాని కొడుకు వచ్చి నువ్వు మావాడివే అని చెయ్యి పట్టుకుంటే, ఆ పేదవాడు చూపించుకోగలిగింది ఈ నాలుగు పంక్తులే. అక్షరం తప్పితే, సాక్షి పేరు రాయకపోతే, ఒక మనిషి బతుకు వెనక్కి పోతుంది. నేను పనిచేసిన కాలంలో ఒక కార్యాలయంలో అటెండరుగా చేసి చనిపోయిన వ్యక్తి భార్య ఫ్యామిలీ పింఛను కోసం నాలుగేళ్లు తిరిగింది. సర్వీసు రిజిస్టరులో ఒక పేజీ లేదు, ఉద్యోగంలో చేరిన తేదీకి రుజువు లేదు. చివరికి పాత జీతాల బిల్లుల కట్టల్లో, ఎవరో గుమాస్తా 30 ఏళ్ల కిందట ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన ఒక పంక్తి దొరికింది. దానితో ఆమెకు పింఛను వచ్చింది. ఆ రాసినాయన ఎవరో మాకెవరికీ తెలియదు. డెల్ఫీ గోడ మీద చెక్కినవాడి పేరూ తెలియదు.

డెల్ఫీ మ్యూజియంలో మరో రాయి ఉంది. నిజానికి ముక్కలైన రాయి, తొమ్మిది ముక్కలు దొరికాయి. అందులో ఉన్నది రోమన్ చక్రవర్తి క్లాడియస్ రాసిన ఉత్తరం. డెల్ఫీలో పౌరులు తగ్గిపోయారని తెలిసింది, ఇతర నగరాల నుంచి మంచి కుటుంబాలవారిని రప్పించి స్థిరపరచండి అన్నది సారాంశం. ఈ సంగతి తనకు తెలియజేసినవాడు తన మిత్రుడూ ప్రొకాన్సులూ అయిన గల్లియో అని చక్రవర్తి పేర్కొన్నాడు. ప్రొకాన్సులంటే రాష్ట్ర గవర్నరు వంటివాడు. ఈ గల్లియో తత్వవేత్త సెనెకాకు అన్నగారు. తెలుగు బైబిల్లో గల్లియోను అన్నది ఈయననే. కొరింథులో పౌలు మీద ఫిర్యాదు వచ్చింది ఈయన ముందుకే.

ఇందులో విశేషం తేదీలో ఉంది. క్లాడియస్ తన బిరుదుల వరసలో, సేనలు తనకు 26వసారి జయఘోష పలికాయని రాయించాడు. రోము నగరంలో ఆయన కట్టించిన నీటి కాలువ మీది శాసనంలో అది 27వసారి అని ఉంది. ఆ కాలువను క్రీ.శ. 52 ఆగస్టు 1న ప్రారంభించారని నీటి సరఫరా శాఖకు అధిపతిగా పనిచేసిన ఫ్రాంటినస్ తన పుస్తకంలో రాసి పెట్టాడు. కాబట్టి డెల్ఫీ ఉత్తరం అంతకు ముందు, 52వ సంవత్సరపు తొలి నెలల్లో వెళ్లి ఉండాలి. ప్రొకాన్సులు పదవీకాలం మామూలుగా ఒక ఏడాది. అంటే గల్లియో అక్కడ ఉన్నది 51–52లో అని చరిత్రకారుల్లో ఎక్కువమంది తేల్చారు. పౌలు కొరింథులో ఉన్న కాలం దానితో స్థిరపడింది. దాన్ని మేకుగా పెట్టుకుని ఆయన ప్రయాణాలనూ, పత్రికలనూ ముందుకూ వెనక్కూ లెక్కగడుతున్నారు. తొలి క్రైస్తవ చరిత్రలో ఇంత గట్టిగా కుదిరిన తేదీలు చాలా తక్కువ. జనాభా తగ్గిందన్న ఒక ఆఫీసు ఉత్తరం, ఒక నీటి కాలువ శిలాఫలకం, ఒక ఇంజనీరింగు శాఖ పుస్తకం – మూడు వేర్వేరు ఫైళ్లు కలిపి చూస్తే దొరికిన తేదీ ఇది.

ఇలాంటి లెక్క మనకూ ఉంది. కర్నూలు జిల్లాలో పనిచేసిన మిత్రులకు గుత్తి, పత్తికొండల నడుమ ఉన్న ఎర్రగుడి అశోక శాసనాలు తెలిసే ఉంటాయి. అక్కడి 13వ శాసనంలో అశోకుడు తన కాలపు అయిదుగురు యవన రాజులను పేర్కొన్నాడు. వారిలో ‘అంతెకిన’ అన్నది ఈ మాసిడోనియాను ఏలిన ఆంటిగొనస్ గొనాటస్ అని పండితులు గుర్తించారు. ఆ రాజుల కాలాలు తెలుసు గనుకనే మన అశోకుడి కాలం క్రీ.పూ. 3వ శతాబ్దం నడుమ అని నిర్ధారణ అయింది.

ఏథెన్సు

ఏథెన్సులో అక్రోపొలిస్ కొండ ఎక్కి పార్థెనాన్ చూశాము. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 432 నాటికి శిల్పాలతో సహా పూర్తి చేసిన ఎథీనా దేవి ఆలయం. తరువాత చర్చి అయింది, ఆ తరువాత మసీదు అయింది. 1687లో లోపల తుపాకి మందు నిలవచేసి ఉండగా వెనిస్ సైన్యపు ఫిరంగి గుండు పడి పేలిపోయింది. దాని పక్కనే పౌలు ప్రసంగించినట్టు చెప్పే అరేయొపగు అనే రాతిగుట్ట ఉంది. జనం పాదాల రాపిడికి నున్నగా అద్దంలా జారుతుంది. మా వయసువాళ్లు పక్కనున్న ఇనుప మెట్ల మీదుగా ఎక్కడం క్షేమం.

మర్నాడు ఉదయం ఖాళీ ఇచ్చారు. అందరూ బజారుకు వెళ్లారు. మాతో వచ్చిన ఒక రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్ గారు, మా శ్రీమతి, నేను కలిసి శాసనాల మ్యూజియానికి వెళ్లాము. జాతీయ పురావస్తు మ్యూజియం భవనంలోనే ఒక పక్కగా ఉంటుంది. 14,000కు పైగా శాసనాలున్నాయక్కడ. మేము ముగ్గురం, ఇద్దరు కాపలావాళ్లు తప్ప ఎవరూ లేరు. అచ్చం రికార్డు రూమే!

హాల్లో మూడున్నర మీటర్లకు మించిన ఎత్తుతో ఒక రాయి నిలబెట్టి ఉంది. క్రీ.పూ. 454 నుంచి మిత్ర నగరాలు ఏథెన్సుకు కట్టిన కప్పంలో దేవికి చెందే 60వ వంతు ఎంతో, ఊరి పేరూ మొత్తమూ ఏడాదివారీగా చెక్కిన చిట్టా అది. అసలు జమాఖర్చు పుస్తకాలు ఏనాడో నశించాయి. మిగిలింది ఈ 60వ వంతు లెక్క. దానిని 60తో గుణించి, ఆ సామ్రాజ్యపు ఆదాయం ఎంతో, ఏ ఊరు ఎప్పుడు ఎగవేసిందో చరిత్రకారులు రాబట్టారు. పార్థెనాన్ కట్టిన ఖర్చుల లెక్కలూ ఇలాగే రాతి మీద ఉన్నాయి. ఇలాంటి చిట్టాల మొదట్లోనూ, సభా తీర్మానాల మొదట్లోనూ ఆ ఏడు ‘ఫలానావాడు గుమాస్తా’ అని పేరు రాయడం ఆనవాయితీ. గ్రీకులో ‘గ్రమ్మతేయుస్’ అంటారు, అక్షరాలవాడు అని అర్థం చెప్పుకోవచ్చు. పూర్వం ఈ పదవికి పేరున్న నమ్మకస్తులను ఎన్నుకునేవారనీ, తన కాలానికి చీటీలు వేసి నియమిస్తున్నారనీ అరిస్టాటిల్ పేరిట ఉన్న ఏథెన్సు రాజ్యాంగ గ్రంథంలో ఉంది.

అంత గౌరవమూ పెద్ద గుమాస్తాకే. చిన్న గుమాస్తాకు అక్కడా చులకనే. మహావక్త డెమొస్తనీసు క్రీ.పూ. 330లో తన ప్రత్యర్థి ఈస్కినీసును సభలో ఎద్దేవా చేసిన మాటల్లో, నువ్వు ఒకప్పుడు చిన్న ఆఫీసర్ల దగ్గర గుమాస్తాగిరీ చేసినవాడివి అన్నది ఒకటి. ఒకే ఆఫీసులో ఒకే మనిషి రెండుసార్లు ఉపగుమాస్తాగా ఉండరాదన్న చట్టం కూడా ఉండేది. అంటే బదిలీల బాధ ఏథెన్సులోనూ తప్పలేదు. నికోమకస్ అనే ఒక గుమాస్తాకు చట్టాలన్నీ సరిచూసి తిరగరాసే పని 4 నెలల్లో ముగించమని అప్పగిస్తే 6 ఏళ్లు చేశాడట. దానిమీద లిసియాస్ అనే న్యాయవాది రాసిపెట్టిన అభియోగ ప్రసంగం నేటికీ నిలిచి ఉంది. ఇది విని హెడ్‌మిస్ట్రెస్ గారు, “మీవాళ్లు ఎక్కడైనా మీవాళ్లేనండీ” అన్నారు. “అన్యాయమండీ, అవతలి పక్షం కౌంటరు మనకు దొరకలేదు” అన్నాను.

కొరింథు

ఏథెన్సు నుంచి కొరింథుకు గంటన్నర ప్రయాణం. దారిలో 1893లో పూర్తయిన కాలువ, నిలువునా కోసిన కొండ మధ్య సన్నటి నీలి చారలా కనిపిస్తుంది. రోమన్ సేనలు క్రీ.పూ. 146లో ఈ ఊరిని నేలమట్టం చేశాయి. క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు మళ్లీ కట్టించాలని నిశ్చయించాడు. అంతకు ఎంతో ముందు కట్టిన అపోలో ఆలయపు 7 స్తంభాలు నిలిచి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఏకశిల.

బజారు మధ్య రాతి వేదిక ఉంది. పౌలును గల్లియో ఎదుట నిలబెట్టింది ఇక్కడేనని చెబుతారు. గల్లియో ఫిర్యాదుదారుల మాట విని, ఇది నేరమో అన్యాయమో అయితే వింటాను గాని, మీ ధర్మశాస్త్రంలోని మాటల గొడవ అయితే మీరే చూసుకోండి అన్న అర్థం వచ్చేలా చెప్పి పంపేశాడు. ‘ఈ కార్యాలయ పరిధిలోనిది కాదు’ అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసినట్టు! పరిధి తెలిసిన అధికారి వల్ల ఒక మనిషికి ఎంత రక్షణ దొరుకుతుందో ఇక్కడ కనిపిస్తుంది. ఈయనకు ఈ దేశంలో జ్వరం పట్టుకుంటే, ఈ జబ్బు ఒంటిది కాదు ఊరిది అంటూ వెంటనే ఓడ ఎక్కేశాడని తమ్ముడు సెనెకా ఒక ఉత్తరంలో రాశాడు. మెడికల్ లీవులు కొత్తవి కావు.

రంగస్థలం దగ్గర 1929లో దొరికిన ఒక రాతి పరుపు ఉంది. దాదాపు జానెడేసి లాటిన్ అక్షరాలు, ఒకప్పుడు వాటిలో కంచు పోసి ఉండేదట. ఎరస్తు అనే ఆయన తనకు పదవి ఇచ్చినందుకు సొంత ఖర్చుతో ఈ రాళ్లు పరిపించాడని భావం. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో ఎరస్తు అనే పట్టణ ఖజానాదారు కనిపిస్తాడు. ఇతను అతనే అని మా గైడు ఘంటాపథంగా చెప్పాడు. మావాళ్లు ఫొటోలు తీసుకున్నారు. కాని ఆ రాతి మీద ఉన్న పదవి వేరు, పత్రికలో ఉన్న పదవి వేరు. రెండూ ఒకటేనని కొందరు, కాదని కొందరు. రాయి 1వ శతాబ్దం నడిమిదని కొందరు, 2వ శతాబ్దానిదని కొందరు. పేరు కలిసింది గదా అని ఒకరి భూమి మరొకరి పట్టాలో కలిపేస్తామా? అయి ఉండవచ్చు అన్నంతవరకే నేను నోటు పెట్టగలను.

ఎఫెసు

చివరి మజిలీకి ఓడలో సముద్రం దాటి టర్కీ దేశపు కుశాదసి రేవులో దిగాము. ఎఫెసు అప్పట్లో గ్రీకు నగరం, రోమన్ ఆసియా రాష్ట్రంలో ముఖ్య పట్టణం. ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన అర్తెమి దేవి ఆలయం ఇక్కడిదే. అంత పెద్ద ఆలయమూ ఒండ్రు మట్టిలో కూరుకుపోయి, ఎక్కడుందో కూడా తెలియకుండా పోయింది. రైల్వే స్టేషన్లు కట్టడానికి వచ్చిన వుడ్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు 1863 నుంచి వెతికాడు. 1866లో ఇక్కడి రంగస్థలంలో ఆయనకు ఒక పెద్ద శాసనం దొరికింది. క్రీ.శ. 104లో సాల్యుటారిస్ అనే ధనికుడు దేవికి రాసిచ్చిన ధర్మనిధి పత్రం. మొత్తం 568 పంక్తులు. ఎవరెవరికి ఎంత పంచాలి, ఏయే రోజుల్లో విగ్రహాలను ఊరేగించాలి, ఊరేగింపు గుడి నుంచి బయలుదేరి ఏ ద్వారం గుండా రావాలి, ఏ ద్వారం గుండా పోవాలి – అన్నీ ఉన్నాయి. వుడ్ ఆ దారి పట్టుకుని తవ్వుకుంటూ పోయి 1869 డిసెంబరు 31న గుడి నేల కనుక్కున్నాడు. దేవాదాయ శాఖ ఫైలు పట్టుకుని పోయిన గుడిని వెతికి తెచ్చినట్టయింది. ఇప్పుడక్కడ ముక్కలు పేర్చి నిలబెట్టిన ఒక్క స్తంభం మాత్రం ఉంది.

ఊళ్లోని రంగస్థలంలో సుమారు 25,000 మంది కూర్చోవచ్చు. ఈ ఊరి కథ కూడా అపొస్తలుల కార్యములలో ఉంది. దేమేత్రి అనే కంసాలి, దేవికి వెండి గుళ్లు చేసి అమ్మేవాడు. పౌలు బోధల వల్ల తమ వ్యాపారం దెబ్బతింటుందని తోటి పనివాళ్లను రెచ్చగొట్టాడు. ఊరు ఊరంతా ఈ రంగస్థలంలోకి దూసుకువచ్చింది. పౌలు తోటివారు ఇద్దరిని ఈడ్చుకొచ్చారు. వచ్చినవాళ్లలో చాలామందికి ఎందుకు వచ్చారో కూడా తెలియదట. రెండు గంటలపాటు ఒకటే కేకలు.

అప్పుడు లేచి నిలబడ్డవాడు నగర గ్రమ్మతేయుస్. తెలుగు బైబిలు అనువాదకులు ఆ మాటకు వాడిన తెలుగు మాట ఏమిటో తెలుసునా మిత్రులారా? ‘కరణము’! 1984లో మన రాష్ట్రంలో ఆ పదవి రద్దయింది గాని, ఆ గ్రంథంలో మాత్రం ఎఫెసు కరణం గారు అలాగే ఉన్నారు. నిజానికి ఆ నగరంలో ఆయనది పెద్ద హోదా. అక్కడి నాణేల మీద, శాసనాల మీద ఆ ఉద్యోగుల పేర్లు కనిపిస్తాయి.

ఆయన జనానికి చెప్పిన మాటల సారాంశం ఇది. మన దేవి గొప్పతనానికి వచ్చిన లోటేమీ లేదు. మీరు పట్టుకొచ్చిన మనుషులు గుడి దోచినవారు కారు, దేవిని దూషించినవారు కారు. దేమేత్రికి ఫిర్యాదు ఉంటే న్యాయస్థానాలు ఉన్నాయి, ప్రొకాన్సులు ఉన్నారు, అక్కడ దావా వేసుకోవాలి. మరేదైనా కావాలంటే చట్టప్రకారం జరిగే సభలో తేల్చుకోవాలి. ఈ రోజు గలాటాకు కారణం చెప్పమని పైవారు అడిగితే మనం చూపించగల కారణం ఒక్కటీ లేదు. ఇంత చెప్పి సభ చాలించాడు. జనం ఇళ్లకు పోయారు.

ఆయన పౌలు భక్తుడు కాడు. తన ఊరి దేవి పక్షమే. చేతిలో కత్తి లేదు, వెంట సైన్యం ఉన్నట్టు రాయలేదు. ఆయన దగ్గర ఉన్నదల్లా పద్ధతి. దానితోనే ఆ పూట రెండు ప్రాణాలు నిలిచాయి. ఈ కథలో కంసాలి పేరు ఉంది, ఈడ్చుకొచ్చిన ఇద్దరి పేర్లు గాయి, అరిస్తార్కు అని ఉన్నాయి. కరణం గారి పేరు మాత్రం లేదు.

మా మనవరాలు ఒకసారి, “తాతయ్యా, ఆఫీసులో నువ్వు ఏం చేసేవాడివి?” అని అడిగితే, ఏం చెప్పాలో తోచక “రాసేవాణ్ణమ్మా” అన్నాను. ఇప్పుడు అడిగితే డెల్ఫీ గోడ ఫొటో చూపించి కూర్చోబెట్టి చెబుతాను.

వెళ్లదలచిన మిత్రులకు

నడక ఎక్కువ, రాళ్ల దారులు. జారని బూట్లు, చేతికర్ర తప్పనిసరి. మే, అక్టోబరు నెలలు అనుకూలం, వేసవిలో ఎండ మన రెంటచింతలను తలపిస్తుందని గైడు మాటల్నిబట్టి తెలిసింది. బీపీ, షుగరు మందులు చీటీతో సహా చేతిసంచీలో ఉంచుకోండి. గ్రీసుకూ టర్కీకీ వేర్వేరు వీసాలు కావాలి. ప్రయాణ బీమా తీసుకోకుండా బయలుదేరవద్దు. వెళ్లలేనివారు విచారించనక్కరలేదు. మన ఊరి పాత గుడి గోడ మీద కూడా ఎవరో ఒక గుమాస్తా రాసిన దానశాసనం ఉండే ఉంటుంది. మనవలను వెంటబెట్టుకుని వెళ్లి, అది ఎవరు ఎవరికి ఏమి ఇచ్చిన పత్రమో కనుక్కుని చెప్పండి.

సంఘ సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ, సెలవు.